ఒంటి గాజు

ఒమాన్‌లోని అల్ మవాలేలో ఆ వీధి ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళందరిలోకీ అనుమానప్పక్షి ఎవరంటే గంగులమ్మే. ఊరికి సామాను పంపే కార్గోవాడు పెట్టె తూకం వేస్తుంటే కాటా కిందికి వంగి మరీ చూస్తుంది. ఫోనులో డబ్బులు వేసే దుకాణంవాడు నవ్వితే, ఎందుకు నవ్వాడా అని సాయంత్రం దాకా ఆలోచిస్తుంది. నెలకో శుక్రవారం తెలుగువాళ్ళ ప్రార్థనకు బయల్దేరేటప్పుడైతే, ఎవరూ అడక్కుండానే తన సంచీ యజమానురాలి ముందు బోర్లిస్తుంది. బైబిలు, నెత్తిన వేసుకునే తెల్ల గుడ్డ, నీళ్ళ సీసా, అన్నీ చూపించి మళ్ళీ సర్దుకుంటుంది. "నేనడిగానా గంగూ?" అని యజమానురాలు నాదియా ఎన్నిసార్లు విసుక్కున్నా ఆ అలవాటు మానలేదు.

ఊరికే వచ్చిన అలవాటు కాదది. కడప జిల్లా నుంచి ఒమాన్ వచ్చిన కొత్తలో బహ్లాలో ఒక ఇంట్లో పనికి కుదిరింది. ఆ ఇంట్లో ఉంగరం పోయింది. ఇంకెవర్ని అంటారు? పనిమనిషినే అన్నారు. పెట్టె విప్పించారు, పరుపు చించారు, చివరికి జడ కూడా విప్పించి చూశారు. తర్వాత ఆ ఉంగరం బట్టలుతికే మెషీన్ గొట్టంలో దొరికింది. దొరికిందిలే అని ఊరుకున్నారు గానీ, తప్పయిపోయిందని ఒక్కరంటే ఒక్కరు నోరు తెరిచి అనలేదు. ఆ తర్వాత గంగులమ్మ మనుషుల్ని నమ్మడం మానేసింది. మీరైనా అంతే చేస్తారు.

అలాంటి మనిషికీ ఒక గర్వం ఉంది. మేడ మీద నాదియా పడకగదికి గంగులమ్మను చూసి ఏనాడూ తాళం పడలేదు. ఆ వీధిలో మిగతా ఇళ్ళల్లో యజమానురాలు బజారుకెళ్తే పడకగది తాళం చెవి కూడా ఆమె వెంటే వెళ్తుంది. ఇక్కడ మాత్రం తలుపు బార్లా తెరిచి ఉంటుంది, అద్దం ముందు నగలు గిన్నెల్లా పడి ఉంటాయి, గంగులమ్మ వాటి చుట్టూ దుమ్ము తుడిచి కిందికి వస్తుంది. ఆ తెరిచిన తలుపు ఒక్కటి చాలు, పరాయి దేశంలో తన పేరు చెడలేదని చెప్పుకోవడానికి. ప్రార్థనకు వచ్చిన ఆడవాళ్ళ దగ్గర ఆ మాట రెండు మూడుసార్లు చెప్పుకుంది కూడా.

ఆమె ఒంటిమీద మాత్రం వీసమెత్తు బంగారం లేదు. బాప్తిస్మం తీసుకున్నప్పటి నుంచీ చెవులకూ ముక్కుకూ ఏమీ పెట్టలేదు. వాళ్ళ సంఘంలో ఆడవాళ్ళు నగలు పెట్టుకోరు. అది అక్కడివాళ్ళకు తెలుసు. అల్ మవాలేలో ఎవరికి తెలుస్తుంది?

నాదియా కూతురు తయ్యబా పెళ్ళి అయిన మర్నాడు ఇంటి నిండా చుట్టాలు. అతిథులు కూర్చునే మజ్లిస్‌లో సాంబ్రాణి పొగ, పళ్ళెంలో హల్వా, కహ్వా కాఫీ గిన్నెలు. పెళ్ళికి ఒళ్ళు వంచి పనిచేసిన ఆడవాళ్ళకు నాదియా తలా ఒక బహుమతి ఇస్తోంది. వంటకొచ్చిన మనిషికి బట్టలు, మెహందీ పెట్టినామెకు అత్తరు. అందరి చివర గంగులమ్మను దగ్గరికి పిలిచి, చెయ్యి పట్టుకుని, చిన్న పెట్టెలోంచి బంగారు గాజు తీసింది. గంగులమ్మ చెయ్యి తనకు తెలియకుండానే వెనక్కి వచ్చేసింది.

"నాకొద్దు మామా," అంది. మన దగ్గర మామంటే వేరు గానీ, ఈ ఇళ్ళల్లో యజమానురాలిని పిలిచే పిలుపది.

ఒక ముసలామె కహ్వా గిన్నె నోటి దగ్గరే ఆపేసింది. నలుగురిలో ఇచ్చిన బంగారాన్ని పనిమనిషి వద్దనడం వాళ్ళెవరూ చూసి ఎరగరు. నాదియా మొహం ఎర్రబడింది. గాజును పెట్టెలో పెట్టేసింది.

ఆ సాయంత్రం చెత్త వేయడానికి వెళ్తే, పక్కింట్లో పనిచేసే రషీదున్నీసా చెత్తడబ్బా దగ్గర కాచుకుని ఉంది. ఆమెది రాయచోటి. ఏ వార్తయినా ఆమె చెవిన పడ్డాకే వీధిలోకి వెళ్తుంది.

"ఏందక్కా, బంగారం వద్దంటివంట?"

"మేం పెట్టుకోం గదా రషీదూ. నీకు తెల్దా?"

"నాకు తెలుసు. ఆయమ్మకు తెలుసునా? పెట్టుకోకపోతే పెట్లో ఏసుకోవల్ల. ఇచ్చేటప్పుడు వద్దంటే వాళ్ళేమనుకుంటారో నేన్చెప్తా విను. దీని దగ్గర ముందే ఉండాదేమో, అందుకే వద్దంటాంది అనుకుంటారు."

గంగులమ్మ చెత్తసంచీ కిందపెట్టేసింది. "అట్లనుకుంటారా?"

"పెండ్లి ఇల్లు గదక్కా. రేపు లెక్కలో ఒక్కటి తగ్గినా నీ పేరే చెప్తారు."

ఆ మాట పురుగులా తొలిచింది. ఇంట్లోకి వచ్చాక ప్రతిదీ వేరేగా కనిపించడం మొదలైంది. మేడ మీద సొరుగులు లాగిన చప్పుడైతే, లెక్క చూసుకుంటోంది కాబోలు అనుకుంది. నాదియా అన్నం తింటూ తలెత్తి చూస్తే, నా మొహం చదువుతోంది అనుకుంది. అసలు అంత బంగారం ఎందుకిచ్చినట్టు? పెళ్ళయ్యాక ఊరికి వెళ్తానని తను సెలవు అడిగిందని కట్టిపడేయడానికా? ఆశపడుతుందో లేదో చూడ్డానికా? ఇటు నాదియా కూడా మునుపటిలా లేదు. "గంగూ, నీకేమైనా కోపమా?" అని ఒకసారి, "ఆ గాజు నాసిరకం అనుకున్నావా?" అని ఇంకోసారి అడిగింది. రెండుసార్లూ గంగులమ్మ తల అడ్డంగా ఊపింది గానీ సంగతి చెప్పలేదు. చెప్తే ఇంకేదో అర్థం తీస్తుందని భయం. ఒకరినొకరు దొంగచూపులు చూసుకుంటూ ఆ ఇద్దరాడవాళ్ళూ రోజులు గడిపారు.

ఒక మధ్యాహ్నం నాదియా చుట్టాలింటికి వెళ్ళింది. గంగులమ్మ గిన్నెలు కడిగి తన గదికి వచ్చేసరికి దిండు మీద ఆ చిన్న పెట్టె ఉంది.

గుమ్మంలోనే నిలబడిపోయింది. ఇది ఉచ్చు, అనుకుంది ముందు. గోడలకేసి, పైకప్పుకేసి, కిటికీకేసి చూసింది. కెమెరా పెట్టారేమోనని ఫ్యాను రెక్కల మీద కూడా చూసింది. ఏమీ లేదు. తలుపు వేసి మంచం అంచున కూర్చుంది. చూద్దాంలే, చూస్తే పోయేదేముంది అని పెట్టె తెరిచింది. ముట్టుకుంటే పోయేదేముంది అని ముట్టుకుంది. ఆ తర్వాత ఏ మాట చెప్పుకుందో ఆమెకే గుర్తులేదు గానీ, గాజు చేతికి ఎక్కేసింది.

అబ్బ, ఎంత బాగుందో. అబద్ధం ఎందుకు, ఆమెకు ప్రాణం లేచొచ్చింది. బట్టలు ఉతికి, గిన్నెలు తోమి తోమి పగిలిన ఆ చేతికి బంగారం వచ్చి కూర్చుంటే, చెయ్యే వేరే ఎవరిదోలా అనిపించింది. అటు తిప్పి, ఇటు తిప్పి చూసుకుంది. ప్రార్థనకు పొడుగు చేతుల జాకెట్టు వేసుకుంటే ఎవరికి కనపడుతుంది? దేవుడు మనసు చూస్తాడు గానీ మణికట్టు చూస్తాడా? అలా ఎన్ని సాకులు కావాలంటే అన్ని దొరికాయి. సాకులకు ఎప్పుడూ కరువుండదు.

గాజు చేతికుండగానే మేడ మీద గది తుడవడానికి వెళ్ళింది. రోజూ లాగే తలుపు తెరిచే ఉంది. అద్దం ముందు గుడ్డ ఆడిస్తుంటే, ఒక మూల పళ్ళెంలో అచ్చం అలాంటి గాజే ఇంకొకటి కనిపించింది. అదే చెక్కుడు, అదే మందం. నాదియా జత కొని, ఒకటి తన కోసం ఉంచుకున్నట్టుంది.

గంగులమ్మ చెయ్యి ఆగిపోయింది. ఒంటి గాజు ఏం బాగుంటుంది, రెండో చెయ్యి బోసిగా లేదూ, అనిపించింది. ఆ మాట లోపల ఎవరో చెప్పినట్టు కాదు, ఆమే అనుకుంది. ఆ గాజు పక్కన గొలుసు ఉంది, గొలుసు పక్కన కమ్మలున్నాయి, అన్నీ ఇప్పుడు విడివిడిగా కనపడుతున్నాయి. ఇన్నేళ్ళుగా ఈ గదిలో తిరిగింది, ఇక్కడ ఏమున్నాయో ఏనాడూ చూడలేదు. ఇవాళ చూస్తోంది. గుడ్డ అక్కడే వదిలేసి, గబగబా మెట్లు దిగింది.

నాదియా వచ్చేదాకా వంటింట్లో నిలబడే ఉంది. ఆమె రాగానే పెట్టె ఎదురుగా పెట్టింది.

"ఇది తీసుకో మామా. నాకొద్దు." వంటింట్లో నేర్చుకున్న అరబ్బీ ఆమెది, ముక్కలు ముక్కలుగా వస్తుంది.

నాదియా పైన వేసుకున్న అబాయా కూడా తీయకుండా కుర్చీలో కూర్చుంది. "మీ దేవుడు వద్దన్నాడా?"

"దేవుడి సంగతి తర్వాత. నాకు బంగారమంటే పిచ్చి."

నాదియాకు అర్థం కాలేదు. పిచ్చి ఉన్నవాళ్ళు వద్దంటారా?

"మా అమ్మ చచ్చిపోయింది. ఆమె కమ్మలు మా అక్క అడిగింది, నేను ఇవ్వలేదు. అక్క, నేను మాటలు లేవు. చాలా ఏళ్ళు. తర్వాత అక్క జబ్బు చేసి చచ్చిపోయింది. నేను వెళ్ళాను. ఆ కమ్మలు పెట్టుకునే వెళ్ళాను. అక్క కూతురు నా చెవులే చూసింది." గంగులమ్మ మొహం తుడుచుకుంది. మళ్ళీ మొదలుపెట్టింది. "ఆ పిల్లకే ఇచ్చేశాను. నీళ్ళల్లో మునిగి దేవుడికి మాటిచ్చాను, ఇంక పెట్టుకోనని. ఇవాళ నీ గాజు పెట్టుకున్నాను మామా. పెట్టుకుని నీ గదికి వెళ్ళాను. దీని జత చూశాను."

"ముట్టుకున్నావా?"

"లేదు. కావాలనుకున్నాను."

నాదియా ఆమె మొహంలోకి చూసింది. తర్వాత పెట్టె తీసుకుని, మేడెక్కి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున గంగులమ్మ గుడ్డ, బకెట్టు పట్టుకుని పైకి వెళ్తే, ఆ గదికి తాళం వేసి ఉంది.

గొళ్ళెం ఒకసారి కదిపి చూసింది. తాళమే. బకెట్టు పక్కన పెట్టి మెట్ల మీద కూర్చుంది. నోరు మూసుకుని గాజు పుచ్చుకుని ఉంటే ఈ తలుపు ఇవాళ తెరిచి ఉండేది. దొంగతనం చేసినవాళ్ళకు పడాల్సిన తాళం, మనసులో ఆశ దాచకుండా చెప్పినందుకు పడింది. ఆమెకు ఏడుపొచ్చింది, ఏడుపు మీద కోపమొచ్చింది. చెత్తడబ్బా దగ్గర రషీదున్నీసా విని నెత్తి కొట్టుకుంది.

"మనసులో ఉన్నేదంతా యజమానురాలికి చెప్తారా అక్కా? ఇంక ఆ ఇంట్లో నీ పేరు పోయినట్టే. సెలవని చెప్పి ఊరికి పో, మళ్ళా రావాకు."

పోదామనే అనుకుంది. పోయే ముందు ఒక్క మాట అడిగి పోదామని నాదియా దగ్గరికి వెళ్ళింది. నాదియా ఒక్కతే కూర్చుని కహ్వా తాగుతోంది.

"ఆ తాళం నాకోసమేనా మామా?"

"నీకోసమే," అంది నాదియా. తలెత్తలేదు. "నిన్న నువ్వు ఎంత భయపడ్డావో చూశాను. వేసి ఉంటే నీకా భయం ఉండదని వేశాను."

గంగులమ్మ ఆ మాటను నాలుగు వైపులా తిప్పి చూసింది. నిజంగా తన మేలుకోరి వేసిందా? లేక భయపడింది నాదియానేనా, ఆ భయాన్ని తన మీద పెట్టి చెప్తోందా? మొహం చూద్దామంటే ఆమె గిన్నెలోకే చూస్తోంది. ఏ వైపు నుంచి చూసినా తేలలేదు. అనుమానించడానికి కావలసినంత చోటుంది. అనుమానించడం గంగులమ్మకు వెన్నతో పెట్టిన విద్య.

కానీ నిన్న ముట్టుకోలేదని తను చెప్తే నాదియా నమ్మింది. పైకెళ్ళి నగలు లెక్కపెట్టుకున్న చప్పుడేమీ వినపడలేదు, ఇంకో ప్రశ్న వేయలేదు. ఆ మాత్రం తనూ నమ్మాలి కదా. తలుపు పోతే పోయింది, దేవుడికిచ్చిన మాట మిగిలింది.

"మంచిపని చేశావు మామా," అంది. కళ్ళు తుడుచుకుంది గానీ నీళ్ళు ఆగలేదు.

నాదియా ఇంకో గిన్నెలో కహ్వా పోసి ఆమె వైపు జరిపింది. ఎందుకు పోసిందా అని ఆలోచించకుండా గంగులమ్మ తాగేసింది.