నేను మార్చి చెప్పిన జవాబు

నాలుగేళ్లుగా ఒక మాట గొంతులో పచ్చి వెలక్కాయలా అడ్డుపడి ఉంది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

దోహాలో, అల్ మన్సూరాలో, ఒక కైరోప్రాక్టిక్ క్లినిక్‌లో నేను రిసెప్షనిస్టుని. మందుల్లేకుండా చేతులతో నొక్కి వెన్ను సర్దే వైద్యం అది. డాక్టరుకు తెలుగు రాదు. మనవాళ్లు వస్తే వాళ్ల మాట నేనే చెప్పాలి. వచ్చిన ప్రతివాడూ ఎక్స్‌రే తీయమంటాడు, ఫొటో తీస్తేనే వైద్యమని నమ్మకం. ఆయన ఊరికే తీయించడు. కింద పడ్డారా, జ్వరముందా, బరువు తగ్గారా అని అడుగుతాడు. ఒక్కదానికి అవునన్నా, ఎక్స్‌రే చూసేదాకా వీపు మీద చెయ్యి వేయడు.

ఆ శుక్రవారం నిర్మల్ వైపు మేస్త్రీ ఒకతను నడుం పట్టుకుని వచ్చాడు. పడ్డావా అని అడిగాను.

"పడ్డనన్నా. స్కాఫోల్డింగ్ మీదికెల్లి. పది రోజులాయె."

డాక్టర్ నావైపు చూశాడు.

"పడలేదట సార్," అన్నాను.

ఎందుకన్నాను? పడ్డాడని రాస్తే కంపెనీకి తెలిసి ఇంటికి పంపేస్తారని జాలిపడ్డానా? ఇన్నాళ్లూ నాకు నేను అదే చెప్పుకున్నాను. రాయొద్దని అతడే బతిమాలినట్టు కూడా గుర్తు చేసుకున్నాను. అతడు బతిమాలలేదు. ఎక్స్‌రే గది అల్ తుమామాలోని మా ఇంకో బ్రాంచిలో ఉంది, తోడు వెళ్లాల్సింది నేను, ఉమ్ సలాల్‌లో ఒక తోటలో స్నేహితులు మటన్ వండి నాకోసం చూస్తున్నారు. దానికేనా? అంత చిన్నదానికి మనిషి అంత అబద్ధం ఆడతాడా? ఆడాను. జాలి కూడా కొంచెం ఉందేమో. ఎంతో నాకు తెలియడం లేదు.

డాక్టర్ నడుం నొక్కాడు. అతడు గట్టిగా అరిచాడు. నేను వేళకే తోటకు చేరి కడుపునిండా తిన్నాను.

మూడు వారాలకు ఎడమకాలు చచ్చుబడి ఇంటికి వెళ్లిపోయాడని అతని లేబర్ క్యాంప్‌వాళ్లు చెప్పారు. అక్కడ ఎక్స్‌రే తీస్తే వెన్నుపూస విరిగి ఉందట. పడ్డప్పుడు విరిగిందా, నొక్కినప్పుడా? ఎలాగూ పోయే కాలేనా, నా మాటతో పోయిందా? డాక్టర్‌ను అడగాలంటే ముందు నేను చెప్పాలి. చెప్పలేదు.

మొన్న అతని నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది.

"అన్నా, మంచిగున్నవా? కట్టె పట్టుకొని నడుస్తున్న. ఆ దినం నువ్వు లేకుంటే నా బాధ సార్‌కు ఎవలు చెప్తుండిరి?"

ఏడెనిమిదిసార్లు విన్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. జవాబు పెట్టలేదు. పెట్టే ధైర్యమే ఉంటే మీకెందుకు రాస్తాను? అతడు పడ్డానన్నాడు. నేను పడలేదన్నాను. రాసేశాక గుండె కొంచెం తేలికపడింది. అతనికి మాత్రం ఇంకా తెలియదు.