నేను పెట్టిన ఎర్ర చుక్కలు

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళకి చెప్పబోయి ఎన్నిసార్లు మింగేశానో లెక్కలేదు. ఇన్నేళ్ళుగా మోస్తున్నాను ఈ బరువు. మొదట్లో ఎవరికైనా తెలిసిపోతుందేమోనని భయంగా ఉండేది. ఇప్పుడు ఎవరికీ తెలియనందుకే సిగ్గుగా ఉంది.

మాది దర్శి దగ్గర ఊరు. మిరప, పత్తి వేస్తాం. పంట బాగా వచ్చిన ఒక ఏడాది మోజుపడి పాత డర్ట్ బైకు కొన్నాను. రాళ్ళలో, గట్ల మీద ఎగిరే బండి. కొన్నది నేనే గానీ, దాన్ని ఎగిరించే దమ్ము నాకెక్కడిది? ఆ పని సామ్యేలుది. బడిలో నా పక్కన కూర్చున్నవాడు. వాళ్ళమ్మా నాన్నా మా చేలోనే కూలికి వచ్చేవాళ్ళు. పత్తి కట్టె పీకేసిన చేలల్లో బండ్ల పందేలు పెట్టేవాళ్ళు. వాడు గెలిస్తే జనం నన్ను కూడా మెచ్చుకునేవాళ్ళు. బండి నాదిగా మరి!

ఆ బండి బాగోగులు చూసేది మస్తాన్ భాయ్. మా ఊరి సెంటర్లో ఆయనకో రేకుల షెడ్డు ఉండేది. ఆయనకి ఒక అలవాటు. బోల్టు బిగించాక, దాని తల మీద నుంచి పక్క ఇనుము మీదకి వచ్చేలా గోళ్ళ రంగుతో ఎర్ర చుక్క పెట్టేవాడు. బోల్టు కాస్త కదిలినా చుక్క రెండుగా చీలి కనిపిస్తుంది. సామ్యేలు బండెక్కే ముందు ఆ చుక్కలన్నీ వేలితో తడిమేవాడు. కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకునేవాడు. అప్పుడే కిక్కు కొట్టేవాడు. దేవుడు ముందా, భాయ్ ముందా అని మేం ఏడిపిస్తే నవ్వేవాడు.

ఒక పందేనికి ముందు భాయ్ హ్యాండిల్‌ని పట్టి ఉంచే బోల్టులు విప్పి చూసి, ఎడమవైపు రెండూ మర అరిగిపోయాయన్నాడు. తల మీద నంబరు పోసిన గట్టి బోల్టులు కావాలి, గుంటూరులో దొరుకుతాయి, ముందుముందు పనికొస్తాయి, నాలుగు ఎక్కువే తెచ్చుకో అన్నాడు. అవి వచ్చేదాకా బండి తీయొద్దన్నాడు. సరేనన్నాను.

గుంటూరు వెళ్ళలేదు. ఎందుకు వెళ్ళలేదు? కల్లంలో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయని ఇంట్లో చెప్పాను. కాయలు చూడ్డానికి మనుషులున్నారు. అసలు సంగతి బద్ధకం. రెండు బోల్టుల కోసం అంత దూరం ఎవడు పోతాడులే అనుకున్నాను. దర్శిలో ట్రాక్టరు సామాన్ల కొట్టుకెళ్ళి, గొర్రుకి వేసే బోల్టుల్లో అదే సైజువి రెండు ఏరుకున్నాను. రాళ్ళ నేలని చీల్చే గొర్రు బోల్టు బండి హ్యాండిల్‌ని ఆపలేదా అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను.

అబద్ధం. చూడండి, ఇక్కడ కూడా అబద్ధమే రాస్తున్నాను. ఆ బోల్టు ఎలాంటిదో మా వైపు ట్రాక్టరుతో దున్నిన ప్రతివాడికీ తెలుసు. అది మెత్తటిది. కావాలనే మెత్తగా చేస్తారు. నేలలో బండ తగిలితే ముందు అది తెగాలి, గొర్రు మిగలాలి. అలా తెగినవి నా చేతులతో నేను ఎన్ని మార్చానో! తెగడం కోసమే చేసిన బోల్టుల్ని, గాల్లోకి లేచే నా స్నేహితుడి చేతుల కింద బిగించాను.

బిగించి ఊరుకున్నా బాగుండేది. చుక్కలు కనపడకపోతే సామ్యేలు బండెక్కేవాడే కాదు. నాకది తెలుసు. మా ఆవిడ గోళ్ళ రంగు సీసా తెచ్చి, అచ్చం భాయ్ పెట్టినట్టే రెండు చుక్కలు పెట్టాను. ఆరేదాకా ఊది, సీసా మళ్ళీ దాని చోట పెట్టేశాను.

పందెం రోజు వాడు అన్నిటితోపాటు వాటినీ తడిమాడు. కళ్ళు మూసుకున్నాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఆగరా అని ఒక్క మాట అనొచ్చు కదా? నాకు నోరు లేదా? మైకులో బండి ఓనరని నా పేరు చదువుతున్నారు, జనం ఈలలు వేస్తున్నారు, ఆ సంతోషం పోతుందని ఊరుకున్నాను. రెండో గట్టు మీంచి ఎగిరి దిగగానే హ్యాండిల్ ఊడి పక్కకి తిరిగిపోయింది. వాడు కుడిచేతి మీద పడ్డాడు.

వాణ్ణి ఆసుపత్రికి పంపాక జనం బండి చుట్టూ మూగారు. గొడవ విని షెడ్డు నుంచి పరిగెత్తుకొచ్చిన భాయ్ చేతిలో ఎవరో తెగిపడ్డ బోల్టు తలని పెట్టారు. ఆయన తిప్పి చూశాడు. నంబరు లేదు. ఎర్ర రంగు మాత్రం ఉంది.

"ఇది నేనేసిన బోల్టు కాదు బాబూ. గట్టివి వచ్చేదాకా బండి తీయొద్దన్నానుగా, నువ్వేమన్నా మార్చావా?"

"నేనెందుకు మారుస్తాను భాయ్? చుక్క నీదేగా?"

ఆయన నా మొహంలోకి చూశాడు. ఆయనకి తెలిసిపోయింది, ప్రమాణం చేసి చెబుతున్నాను. "నాదిలాగే ఉందిలే" అన్నాడు మెల్లగా. పొలమున్నవాడి మాట ముందు తన మాట నిలవదని ఆయనకి తెలుసు. అంతే. అప్పటికే నలుగురూ ఆయన మీద పడి అరుస్తున్నారు. నేను కాదనలేదు.

సామ్యేలు మణికట్టు అతుక్కుంది గానీ తిరగదు. యాక్సిలేటరు తిప్పాల్సిన చెయ్యి అది. ఇప్పుడు పత్తి కొనే వ్యాపారి దగ్గర కాటా చూస్తున్నాడు. మస్తాన్ చుక్క అంటే ఊళ్ళో వేళాకోళమైపోయింది. షెడ్డుకి బండ్లు రావడం తగ్గి, చివరికి ఆగిపోయింది. భాయ్ సంసారాన్ని తీసుకుని వినుకొండ వెళ్ళిపోయాడు.

ఒకసారి అక్కడ రోడ్డు పక్కన పంక్చర్లు వేస్తూ కనిపించాడు. ఆగాను. ఆగకుండా పోయినా బాగుండేదేమో. టీ తెప్పించాడు, పిల్లలేం చదువుతున్నారని అడిగాడు. మాట్లాడుతూనే ఎవరిదో చక్రం బిగించి, గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. చుక్క పెట్టలేదు. నేను టీ తాగేసి వచ్చేశాను.

ఆ డర్ట్ బైకు ఎప్పుడో అమ్మేశాను. అయినా మిరప బస్తాలు వేసుకుని గుంటూరు యార్డుకి వెళ్ళినప్పుడల్లా నంబరు పోసిన బోల్టులు కొనుక్కొస్తాను. డబ్బా నిండిపోయింది. దేనికవి అని మా ఆవిడ అడుగుతుంది. ట్రాక్టరుకి అంటాను.

మొన్న సామ్యేలు మా ఇంటికి వచ్చాడు. నా మోటారు సైకిలు రిపేరు చేయించానని విని, చేసినవాడు నమ్మకస్థుడేనా అని ఒకటికి రెండుసార్లు అడిగాడు. మస్తాన్ లాంటోడి చేతిలో పెట్టకురా, నా గతి నీకు పట్టకూడదు అన్నాడు. నా గురించి దిగులు వాడికి! నేను సరే అన్నాను. ఛీ, సరే అన్నాను.

మీరు నన్ను క్షమించాలని ఇది రాయలేదు. క్షమించాల్సింది మీరు కాదు. ఆ ఇద్దరినీ అడిగే మొహం నాకింకా రాలేదు. వస్తుందో రాదో కూడా తెలియదు. ఒక్కసారి ఎక్కడో ఒకచోట ఆ మాట నా నోటి నుంచి బయటికి రావాలి, అంతే.

సామ్యేలూ, ఆ రెండు చుక్కలూ భాయ్‌వి కావురా. నేను పెట్టాను.