వరాలమ్మ పిన్ని తట్టిన గేట్లు

నిన్న సాయంత్రం మా వీధి చివర ఒక ఎత్తైన ప్రహరీ పక్కనుంచి నడుస్తుంటే పొగడపూల వాసన తగిలింది. చెట్టు ఎక్కడుందో కనబడలేదు. వరాలమ్మ పిన్ని అయితే ఈపాటికి గేటు తట్టేసి ఉండేది అనుకున్నాను.

అరవయ్యో దశకం చివర్లో నేను శ్రీకూర్మం దగ్గర పల్లె నుంచి విజయనగరం కాపురానికి వచ్చాను. మా ఆయన రైల్వేలో గుమాస్తా. నెలలు గడిచినా నేను చూసిన ఊరల్లా మా సందూ, సందు మొదట్లో కిరాణా కొట్టూ మాత్రమే. పక్క వాటాలో వరాలమ్మ పిన్ని ఒంటరిగా ఉండేది. భర్త పోయాడు, పిల్లలు లేరు. మధ్యాహ్నం నిద్ర కాగానే తలుపుకి తాళం వేసి బయల్దేరేది. ఎక్కడికని అడిగితే, "ఏటో, కాళ్లెటు పోతే అటు. నువ్వూ వస్తావేటే?" అంది ఒకరోజు. మా అత్తగారు ముఖం చిట్లించారు గానీ, దీపాలవేళకి వచ్చేయమని పంపించారు.

ఆరోజు గంటస్తంభం దాటి, కోట పక్కనుంచి కంటోన్మెంటు దాకా వెళ్లాం. రోడ్డుకి రెండు పక్కలా పెద్దపెద్ద చెట్లు, వాటి వెనక పాత బంగళాలు. ఇంత నీడ ఉన్న ఊళ్లో ఉంటూ నేను వంటింటి కిటికీలోంచి ఎదురింటి గోడ చూస్తూ గడిపానా అనిపించింది. పిన్ని ఒక గేటు తట్టింది. తోటమాలి వచ్చాడు.

"ఈ సెట్టేటి బాబూ?"

"పొగడమ్మా. రాలిన పూలున్నాయి, లోనికొచ్చి ఏరుకోండి."

కొంగు నిండా పూలతో బయటికొచ్చాక అడిగాను, "పొగడచెట్టు మీకు తెలీదా పిన్నీ?" అని.

"తెలీకేటి? అడిగినాను గాబట్టే గదా గేటు తీసినాడు," అంది, ఏమాత్రం నవ్వకుండా.

అలా చాలా వీధులు తిరిగాం. కుండలు చేసేవాళ్ల పేటలో వాన పట్టుకున్న రోజు ఎవరిదో అరుగు మీద ఆగిపోయాం. ఇల్లు చేరేసరికి చీకటి పడింది. మా ఆయన అప్పటికే వచ్చి కూర్చున్నారు. అత్తగారు ఆయన ముందే, "ఊరు తిరగడానికేటి నిన్ను తెచ్చుకున్నాది? రేపట్నుంచి గడప దాటకు," అన్నారు. ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం పక్క వాటా తాళం పడిన చప్పుడు వింటూ బియ్యంలో రాళ్లు ఏరుకునేదాన్ని. ఇవాళ ఏ వైపు వెళ్లిందో అని మనసు ఆమె వెంటే పోయేది.

కొన్నాళ్లకి పిన్ని మా ఇంటికి వచ్చి అత్తగారి ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"వదినా, నీ కోడల్ని పంపమని రాలేదు. నువ్వు రా."

"నానెక్కడికొస్తాను? పని లేదేటి నాకు?"

"పెళ్లయినకాడ్నించీ ఈ ఊర్లోనే ఉన్నావు. పెద్దచెరువు అవతల ఏటున్నాదో సెప్పు సూద్దాం."

అత్తగారికి తెలీదు. ఆ మాటే ఆవిడని కుదురుగా ఉండనివ్వలేదనుకుంటాను. మర్నాడు ఉతికిన చీర కట్టుకుని, "నువ్వూ రా, దారి తెలిసినట్టుంటాది," అన్నారు నాతో.

చెరువు అవతల ఆకుకూరల మళ్లు ఉన్నాయి. ఒకామె తోటకూర పీకి కట్టలు కడుతోంది. పిన్ని ఎందుకో ఏమీ అడగలేదు. అత్తగారే గట్టు దిగారు. రైతుల ఇంట పుట్టిన మనిషి, ఇంతకాలం సందులో సిమెంటు గచ్చు మీదే బతికారు. గొంతుకూర్చుని తడిమట్టి వేళ్లతో నలిపి, "ఈ మడికి ఏటి ఎరువేస్తన్నావమ్మా?" అని అడిగారు. ఇద్దరూ మాటల్లో పడిపోయారు. పొద్దు వాలిపోతోందని నేను గుర్తుచేస్తే, "ఉండవే, ఒక్కరోజు దీపం మావోడే పెడతాడు," అన్నారు.

తర్వాత ఏడాది పిన్ని పలాసలో తమ్ముడి దగ్గరికి వెళ్లిపోయింది. అత్తగారూ నేనూ నడక మానలేదు. మా ఆయన బదిలీల మీద చాలా ఊళ్లు మారాం, కొన్నిచోట్ల భాష కూడా రాదు. సామాన్లు దిగగానే అందరూ నీళ్లెక్కడ, బజారెక్కడ అని చూసేవారు. నేను ముందు వీధిలోకి వెళ్లి, ఎవరింటి ముందో నిలబడి, నాకు బాగా తెలిసిన చెట్టునే చూపించి దాని పేరు అడిగేదాన్ని.