మహానవమి పూలకింద జీపు తాళంచెవి

నా చిన్నప్పుడు తోరణగల్లు చుట్టుపక్కల పల్లెల్లో జీపు తోలే ఆడమనిషి మా పెద్దమ్మ ఒక్కతే. పెదనాన్న బతికున్నప్పుడే ఆమెకు నేర్పించాడు. బిడ్డలు లేరు. ఆయన పోయాక పాత జీపూ, కాలవ కింది వరిమడీ ఆమెవయ్యాయి. పొద్దున్నే కొంగు నడుముకు బిగించి జీపెక్కి, మడి పనులన్నీ తనే చూసుకొని వచ్చేది. పక్కసీట్లో నేను. తాళంచెవికి నీలిపూసల తాడు అల్లిపెట్టింది నేనే కాబట్టి జీపులో సగం నాదేనని నా లెక్క.

మా నాన్నకు ఇది నచ్చలేదు. నలుగురూ నవ్వుతున్నారని అమ్మ దగ్గర గొణిగేవాడు, వదిన ఎదుట మాత్రం మహా వినయం. మడి తన చేతికి రావాలన్న ఆశ కూడా ఉండేదని నాకు తరవాత తెలిసింది.

ఒకరోజు ఎప్పుడూ పెట్టే గూట్లో తాళంచెవి లేదు. వెదకడానికి అందరికంటే ముందు లేచింది మా నాన్నే. పొయ్యిబూడిదలో, గడ్డివామి కింద ఎక్కడెక్కడ చూడాలో చెప్పి నన్ను పంపాడు. పేడదిబ్బ కూడా తవ్వించాడు. వేలికి ముల్లు దిగి నేను ఏడిస్తే ఒళ్ళో కూర్చోబెట్టుకొని పిన్నీసుతో తీశాడు. ఆ ప్రేమ తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

"ఇంత పాత జీపుకు బీగంచెవి యాడ దొరుకుతాది వదినా? బళ్ళారిలో విచారిస్తాండా గదా, రోంత ఓర్చుకో" అనేవాడు. మడి ఆమె నడిచి పోలేనంత దూరం కాబట్టి, అంతదాకా తనే చూస్తానన్నాడు.

వారాలు గడిచేకొద్దీ పెద్దమ్మ నీరుగారిపోయింది. పాలు దించానా లేదా అని మళ్ళీ మళ్ళీ పోయి చూసుకునేది. "నా మతే సరిగ్గా లేదేమో పాపా. గూట్లోనే పెట్టినట్టుండాది" అంది నాతో. ఇలాంటిదాన్ని సేద్యం ఏం చేస్తాను, మడి మరిదికే అప్పజెప్పేస్తానని కూడా అంది.

అంతలో మహానవమి వచ్చింది. ఆ రోజు మా వైపు పనికొచ్చే ప్రతి ఇనుప వస్తువుకూ పూజ చేయాల్సిందే. కొడవళ్ళు, గడ్డపార, పంపుసెట్టు పానాలు పీట మీద పేర్చి నాన్న బొట్లు పెట్టాడు. భర్త లేనిదని పెద్దమ్మను పూజ దగ్గరకు పిలవలేదు, ఆమె వంటింట్లో ఉంది. హారతి అయ్యాక జడలోకి పువ్వు కోసం బంతిపూల కుప్పలో చెయ్యి పెట్టాను. అడుగున నీలిపూసలు తగిలాయి. తాళంచెవి మీద కుంకుమ ఇంకా తడిగా ఉంది. వదినను మోసం చెయ్యడానికి జంకని మా నాన్న, పూజలో ఒక తాళంచెవిని వదిలెయ్యడానికి మాత్రం భయపడ్డాడు.

తలెత్తితే ఆయన నన్నే చూస్తున్నాడు. నోటి మీద వేలు పెట్టి, మనిద్దరం ఒకటే కదా అన్నట్టు నవ్వాడు. నేను లేచి వంటింట్లోకి నడిచాను. చెవి తీసుకెళ్ళి పెద్దమ్మ అరచేతిలో పెట్టాను.

ఆమె దాని మీది తడి కుంకుమను వేలితో తుడిచి చూసింది. "అయితే నాకు మతి బాగానే ఉండాది" అంది. నేరుగా పూజ దగ్గరకు వచ్చి, చెవిని మళ్ళీ పీట మీదే పెట్టి, "ఇది నీ దగ్గరే ఉండనీప్పా" అంది నాన్నతో.

పండగ కాగానే బళ్ళారి బజారు నుంచి బీగాలు చేసే ఆయన్ను పిలుచుకొచ్చింది. చెవి దొరికింది కదా, ఇంకెందుకని మా అమ్మ అడిగింది. "దాచినోళ్ళు ఇంకోటి చేయించుకోలేరా ఏంది?" అంది పెద్దమ్మ. ఆయన జీపులోని పాత బీగం మొత్తం పీకి కొత్తది బిగించాడు. ఎక్కడా కాదని నాన్న చెప్పిన పని, పొయ్యి మీద అన్నం ఉడికేలోపు అయిపోయింది. కొత్త చెవుల్లో ఒకటి ఆమె కొంగున ముడేసుకుంది, రెండోది నాకిచ్చింది. మడి ఆమె చేతిలోనే ఉండిపోయింది.

ఏ బీగానికీ పట్టని ఆ పాత చెవికి మా నాన్న బతికినన్నాళ్ళూ మహానవమికి బొట్టు పెడుతూనే వచ్చాడు. తప్పయిందని మాత్రం ఎవరితోనూ అనలేదు.

పెద్దమ్మ పోతూ జీపును నాకే ఇచ్చింది. మొన్న దాని చెవి మళ్ళీ కనబడలేదు. వెదకడానికి అందరికంటే ముందు లేచింది నా కొడుకు. నేను నేల వైపు చూడలేదు, వాడి మొహం వైపు చూశాను. పాపం, వాడు నిజంగానే వెదుకుతున్నాడు. నా పెట్టెలోని రెండో చెవి తీసి వాడికిచ్చాను. కన్నబిడ్డను అలా చూడటం నేర్పినందుకు మా నాన్నను ఈ వయసులో కూడా క్షమించలేకపోతున్నాను.