మామ ముందు నాన్న స్కూటర్

ఈమధ్య పొద్దున్నే కాప్రా చెరువు గట్టు మీద నడక ముగించుకుని టీ కొట్టు దగ్గర కూర్చుంటే చాలు, ఒంటికి అతుక్కుపోయే రంగురంగుల బట్టలు వేసుకున్న సైకిల్ గుంపు ఒకటి వచ్చి చేరుతోంది, ఫ్రాన్సులో జరుగుతున్న మూడు వారాల పందెం గురించి గొంతులు చించుకోవడానికి. మొన్న వాళ్ల గొడవ టైమ్ ట్రయల్ మీద. మిగతా రోజుల్లో అందరూ కలిసి తొక్కినా, ఆ రోజు మాత్రం ఒక్కొక్కరినే వదులుతారు; ఎవరి చాటునా చేరి ఎదురుగాలి తప్పించుకోకూడదు, ఒంటరిగా గడియారంతోనే పోటీ. ఎవరో ముందువాడి వెనక కాసేపు తొక్కాడని అతని లెక్కకు జరిమానాగా కొంత సమయం కలిపారట, దాంతో చేతికొచ్చిన పందెం పోయిందట.

"రూల్ అంటే రూలే అన్నా, ఎవనికైనా ఒక్కటే" అని ఒకడు, "ఏం రూల్ భయ్, ముంగట వాడు అడ్డమొస్తే ఈడేం జేస్తడు, గాల్ల ఎగురుతడా?" అని ఇంకొకడు బల్ల చరిచి మరీ అరుచుకున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ రెండు మాటలూ మా ఇంట్లో ఏళ్ల తరబడి విని విని నా చెవులు తూట్లు పడ్డాయి మరి.

మేము మెట్టుగూడలో ఉండేవాళ్లం. నాన్న రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. అమ్మ పుట్టిల్లు పక్కనే లాలాగూడలో, పొయ్యి మీద పప్పు పెట్టి వెళ్లి అది ఉడికేలోగా తిరిగి రాగలిగినంత దూరం. అమ్మకు తల్లీ తండ్రీ పోయారు, పుట్టిల్లంటే ఉన్నది ఒక్క తమ్ముడే, మా మేనమామ. మామ సైకిలెక్కితే పట్టుకునేవాడు మా చుట్టుపక్కల లేడు. ఎక్కడ పందెం జరిగినా నాన్న తన పాత స్కూటర్ మీద మామ ముందు పోతూ, హారన్ కొట్టి జనాన్ని తప్పించేవాడు; పెళ్లికొడుకు ముందు బ్యాండు ఉన్నట్టు మనవాడి ముందు మనవాళ్లు ఉండాల్సిందేనని అప్పట్లో అందరి నమ్మకం. నా ఈడు వాళ్లు మీలో ఎవరైనా ఆ పందేలు చూసి ఉంటే, సైకిళ్ల కన్నా స్కూటర్లే ఎక్కువ కనిపించేవని ఒప్పుకుంటారు.

నేను ఇంకా బడిలో ఉండగా ఒక మూడు రోజుల పందెం పెట్టారు. గెలిచినవాడికి ఆటగాళ్ల కోటాలో రైల్వే ఉద్యోగం ఖాయమని చెప్పుకునేవారు, అందుకని మామ కన్నా అమ్మే ఎక్కువ మొక్కులు మొక్కింది. భువనగిరి దాకా వెళ్లొచ్చిన రోజూ, మేడ్చల్ దాకా వెళ్లొచ్చిన రోజూ కలిపి చూస్తే మామే అందరికన్నా ముందున్నాడు. మూడో రోజు కీసర రోడ్డు మీద టైమ్ ట్రయల్. ఈసారి ముందు ఏ బండీ ఉండకూడదని ముందు రోజే చెప్పానని మామ అనేవాడు, తనతో ఒక్క ముక్క చెప్పలేదని నాన్న అనేవాడు. ఏది నిజమో నాకు ఈనాటికీ తెలియదు.

ఆ రోజు గాలి ముఖాన కొట్టేస్తోంది. అమ్మా నేనూ మలుపు దగ్గర నిలబడి చూస్తుండగా నాన్న స్కూటర్, దాని వెనకే మామ వచ్చారు. మామ పక్కకు పొమ్మని చెయ్యి ఊపితే, నీళ్లు అడుగుతున్నాడనుకుని నాన్న ఇంకాస్త నెమ్మది చేసి మరింత దగ్గరికి జరిగాడు. వెనక జీపులో వస్తున్న పందెం పెద్దమనుషులు అదంతా చూశారు. అందరికన్నా తక్కువ సమయంలో గమ్యం చేరిన మామను మావాళ్లు భుజాల మీదికి ఎత్తుకుని ఊరేగిస్తుండగా, పందెం నుంచి అతన్ని తీసేశామని మైకులో చెప్పారు.

"మా బావే నా నోటికాడి బువ్వ గుంజుకుండు!" అని మామ అంతమందిలో అరిచాడు. "నా ఎనక ఉండుమని నిన్నెవడన్నడు? జెర ఆగితే నీ పాణం పోతుండెనా?" అని నాన్న అంతకన్నా గట్టిగా అరిచాడు. ఆ రోజుతో రెండిళ్లకూ మాటల్లేవు. మామకు రైల్వే ఉద్యోగం రాలేదు, ఆటో నడుపుకుని బతికాడు. మధ్యలో పందేలకు అభిమానులమని చెప్పుకునే గుంపు ఒకటి ఉండేది, వాళ్లంటే నాకు ఇప్పటికీ అసహ్యం. మా ఇంట్లో టీ తాగి మామను తిట్టేవాళ్లు, అక్కడికి వెళ్లి నాన్నను తిట్టేవాళ్లు, తప్పెవరిదని ఏళ్ల తరబడి వాదించి ఆరిపోబోయే నిప్పును మళ్లీ మళ్లీ ఊదేవాళ్లు.

లాలాగూడ పోతే మళ్లీ ఈ గడప తొక్కొద్దని నాన్న అమ్మకు తేల్చి చెప్పేశాడు. ఆయన పెళ్లాం నా ఇంటికి రావద్దని మామ కబురంపాడు. అమ్మ ఇద్దరినీ బతిమాలింది, ఇద్దరి మీదా అలిగింది, అన్నం మానేసింది. మగవాళ్ల పంతం ముందు అదేదీ పనిచేయలేదు. ఏటా రాఖీ పున్నానికి ఒక రాఖీ కొని దేవుడి పటానికి కట్టేది. అలాగే ముసలిదయింది, అలాగే పోయింది.

అమ్మ పోయిందని తెలిసి మామ వచ్చాడు. నాన్న గడప దగ్గర పక్కకు జరిగి దారిచ్చాడు. పదో రోజు భోజనాలయ్యాక ఇద్దరూ అరుగు మీద పక్కపక్కన కూర్చున్నారు. "బావా, గాలి కాదు గని, నీ స్కూటర్ పొగకే నాకు ఊపిరాడలే ఆ రోజు" అన్నాడు మామ. నాన్న దగ్గొచ్చేదాకా నవ్వాడు, మామ కూడా నవ్వాడు. ఎంత మంచి మనసులో అని చుట్టాలు కళ్లు ఒత్తుకున్నారు. నాకు మాత్రం వాళ్ల చేతుల్లోని టీ గ్లాసులు లాక్కుని విసిరికొట్టాలనిపించింది. ఆ తర్వాత వాళ్లు పోయేదాకా రోజూ కలిసే టీ తాగారు, టీవీలో సైకిల్ పందేలు కలిసే చూశారు, ఆ టీ కాచి ఇచ్చింది కూడా నేనే.

ఇప్పటి అభిమానులు ఎంత అరుచుకున్నా టీ చల్లారేలోపు భుజాల మీద చేతులు వేసుకుని వెళ్లిపోతారు, వాళ్ల గొడవ వల్ల ఏ ఆడదానికీ పుట్టిల్లు దూరం కాదు. కాలం ఆ మేరకు మెరుగే, కాదనను. నాన్నా లేడు, మామా లేడు, ఎవరి మీద కోపగించుకోవాలో కూడా తెలియని వయసుకొచ్చాను. అయినా అడగకుండా ఉండలేను: అంత తేలిగ్గా నవ్వగలిగినవాళ్లు, అమ్మ బతికుండగా ఒక్క రాఖీ పున్నం నాడైనా ఎందుకు నవ్వలేదు?