రెండు భాషల ఊట

నా ముప్పై అడుగుల గాడా గుడ్డను నేల మీద పొడుగ్గా పరిచి, దానికి అటూ ఇటూ స్టీలు ప్లేట్లు పెట్టడం వీడియో కాల్‌లో చూసేసరికి నాకు ఒళ్లు మండిపోయింది. గల్ఫ్‌లో జరిగే అంతర్జాతీయ ఆర్ట్ ఫెయిర్‌కి బెంగళూరు గ్యాలరీ ఒకటి మా ఐదుగురి పనులు తీసుకుపోయింది. మిగతా నలుగురివీ గోడలెక్కాయి. నాదొక్కటే బంతి భోజనానికి సిద్ధమైంది. తలుపులు తెరవడానికి ఇంకా గంటన్నరే ఉంది.

"ఆ ప్లేట్లేంటి?" అని మిద్దె మీద నుంచి అరిచాను. మా ఇంట్లో సిగ్నల్ అక్కడే దొరుకుతుంది.

"ఊట అంద్రె ఊటానే అల్వా మేడం?" అంది గ్యాలరీ అమ్మాయి బిత్తరపోయి.

గుడ్డ అంచున పెన్సిల్‌తో 'ఊట' అని పేరు రాసింది నేనే. తెలుగులోనే రాశాను. కానీ ఆ రెండక్షరాలూ కన్నడం వాళ్లు ఇట్టే చదివేస్తారు. వాళ్లకు ఊట అంటే భోజనం. మాకు బావి అడుగున ఊరే నీరు. బళ్లారి జిల్లాలో పుట్టి పెరిగి, రోజంతా రెండు భాషలూ కలిపి మాట్లాడే నాకు ఈ సంగతి తట్టనే లేదు. వివరం రాసివ్వమని వాళ్లు రెండుసార్లు అడిగారు కూడా. చూస్తే తెలియాలి గానీ చెప్పేదేముందని పొగరుగా ఖాళీ వదిలేశాను.

కిందటి ఎండాకాలం కాలువ నీళ్లు చివరనున్న మా చేను దాకా రాలేదు. నాయన పాత బావిలో పూడిక తీయించాడు. ఆ బావిలో నేను ఈ గుడ్డను నెల రోజులు వేలాడదీశాను. నీళ్లు దిగేకొద్దీ దాని మీద రోజుకో ఎర్రగీత మిగిలింది. నాయన పొద్దున్నే మెట్లు దిగి, ఆ గీత చూసుకుని పైకొచ్చేవాడు. మిరపచేను ఎండిపోయింది. గుడ్డను పార్సిల్ చేసేటప్పుడు ఒక్కటే అడిగాడు.

"నీళ్లు యాడికి పోయినాయో ఆడ చూసేటోళ్లకు తెలుస్తాదా పాపా?"

తెలుస్తుందని మాటిచ్చాను.

"నిలువుగా తగిలించండి," అన్నాను ఫోన్‌లో. గోడ ఎత్తు పదడుగులేనట. పై పదడుగులు కనిపించేలా కడతానంది. పైన ఏముంది, ఒట్టి గుడ్డ తప్ప!

"అక్కర్లేదు. చుట్టి మూల పడేయండి. నా పని రాలేదనుకోండి," అన్నాను.

ఆ కేకలకు నాయన మిద్దెక్కి వచ్చాడు.

"ఏంది పాపా, అట్ల అరుస్తాండావు?"

జరిగింది చెప్పాను. ఫోన్ తీసుకుని కాసేపు చూశాడు.

"పైదంతా కర్రకు చుట్టమను, చాప చుట్టినట్ల. కింది కొస నేలకు తగలాల."

"అట్లయితే నీళ్లు ఎంత దిగినాయో తెలీదు గదా నాయనా."

"పైదంతా పోయిన నీళ్లే గదా. ఉండేది చూపీ."

నేను కన్నడంలో చెప్పాను. ప్లేట్లు తీసేశారు. ఆ అమ్మాయి కుర్చీ ఎక్కి, దిగి, మళ్లీ ఎక్కి కట్టింది. చివరికి గుడ్డ నిలబడింది. ఆఖరి ఎర్రగీతలు, వాటి కింద బెత్తెడు నీటి మరక. పక్కనున్న కార్డు మార్చడానికి మాత్రం టైము లేదట, దాని మీద భోజనమనే ఉండిపోయింది. ఆ అమ్మాయి ముఖం పీక్కుపోయి ఉంది. క్షమించమని అడగాలనిపించింది కానీ సిగ్గేసింది.

నాయన ఫోన్‌లోకి వంగి, మా వైపు ఎవరు ఎదురైనా అడిగే మాటే అడిగాడు.

"ఊట ఆయ్తేనమ్మా?"

భోంచేశావా అని. అడిగాక తనే ఆగిపోయాడు. తెలుగు చెవికి అది ఇంకోలా కూడా వినిపిస్తుంది, ఊట అయిపోయిందా అని.

"ఇన్నూ ఆగిల్ల అంకల్," అంది ఆ అమ్మాయి.

నాయన నా వైపు తిరిగాడు. మిరపచేను పోయాక ఆయన ముఖంలో నవ్వు చూడడం అదే మొదలు. నాకు ఏడుపొచ్చేసింది.

"ఇంకా అయిపోలేదంట పాపా," అన్నాడు.