తలుపు సందులో పడిన వేలు

పళ్ళక్క కుడిచేతి బొటనవేలిని ఇప్పటికి రెండొందల మంది కరిచారు. సరే, రెండొందలంటే మరీ ఎక్కువైంది, పదకొండు మంది. అందులో నలుగురికి పళ్ళే లేవు, వాళ్ళది ఉత్త ప్రయత్నం. మిగతా ఏడూ మాత్రం అచ్చమైన గాట్లు.

ఆమె వృద్ధాశ్రమంలో రెండో అంతస్తు ఆయా. కొత్తవాళ్ళెవరొచ్చినా, సంచీ కింద పెట్టకముందే నోరు తెరిపించి, కింది పళ్ళ అంచున బొటనవేలు ఆనించి పైకి నొక్కి చూస్తుంది.

"నావి పుట్టు పళ్ళే తల్లీ!" అని మొత్తుకున్నా వినదు.

"అందరూ అలాగే అంటారు తాతా, నొక్కనీ."

ఈ అలవాటు ఫోటో తాతతో మొదలైంది. నలభై ఏళ్ళు స్టూడియో నడిపిన మనిషి, పక్షవాతంతో మాట పడిపోయి వచ్చాడు. చేరిన రోజు పళ్ళక్క ఆయన కింది పళ్ళు పట్టుకుని లాగింది. రాలేదు. కట్టుడు పళ్ళైతే ఊడొచ్చేవిగా అనుకుని, చేరిక కాగితం మీద 'కట్టుడు పళ్ళు లేవు' అని రాసేసింది. దవడ ఎముకలో దింపిన రెండు స్క్రూలకు ఆ కట్టుడు పళ్ళ సెట్టు గుండీలా బిగిసి ఉంటుందనీ, రోజూ విప్పి స్క్రూల చుట్టూ తోమాలనీ ఆమెకెవరూ చెప్పలేదు.

బ్రష్షు చూస్తే తాత మూతి బిగించేవాడు. ఒకరోజు పళ్ళక్క విసుగెత్తి, కెమెరా పట్టుకున్నట్టు చేతులు పెట్టి, "ఇటు చూడండి సార్. నవ్వండి. కదలకండి!" అంది. తాత పళ్ళు బయటపెట్టి బొమ్మలా ఉండిపోయాడు. వార్డంతా నవ్వింది. ఇక నాలుగు నెలలు అదే మంత్రం. ఆయన కళ్ళవెంట నీళ్ళు కారుతుంటే, "వయసు మరి, ఏం చేస్తాం" అని కొంగుతో తుడిచేది.

పళ్ళ డాక్టరు వచ్చిన రోజు బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కాడు. టిక్కుమని సెట్టు చేతిలోకొచ్చింది. వాసనకు పక్క మంచం పెద్దాయన ముఖం తిప్పుకున్నాడు. కింద చిగురంతా పచ్చిపుండు. ఒక స్క్రూ దానంతటదే ట్రేలో రాలింది.

"ఇంత నొప్పితో రోజూ నోరెలా తెరిచాడమ్మా?"

కదలకండి అంటే కదలకూడదని బతుకంతా జనానికి చెప్పిన మనిషాయన.

రెండో స్క్రూ నిలిస్తే సెట్టు ఎలాగోలా నిలబెడదామన్నాడు డాక్టరు. పళ్ళక్క మూడు వారాలు, సెలవు రోజుల్లోనూ వచ్చి, పిల్లి మీసమంత బ్రష్షుతో దాని చుట్టూ తుడిచింది. మంత్రం మాత్రం మళ్ళీ పలకలేదు.

"నొప్పైతే నా వేలు కొరుకు తాతా. గట్టిగా కొరుకు."

ఆయన కొరకలేదు. అలవాటు కొద్దీ నవ్వు ముఖం పెట్టాడు.

రెండోదీ ఊడింది.

ఆదివారం ఆయన భార్య వచ్చింది. పళ్ళక్క రెండు స్క్రూలూ కాగితంలో చుట్టి ఆమె చేతిలో పెట్టింది.

"తప్పు నాదమ్మా."

"నాదీ ఉందిలే. ఇంట్లో రోజూ నేనే విప్పి కడిగేదాన్ని. మీకు తెలుసనుకున్నా. ఒక్క మాట చెప్పి ఉంటే..."

తాత ఇద్దరినీ చూశాడు. పనిచేసే చేతిని కంటిదాకా ఎత్తి, చూపుడువేలు వంచాడు. ఇద్దరూ నవ్వబోయారు. కుదరలేదు.

ఇప్పుడు ఆ గాట్ల సంగతి, ఫోటో తాత సంగతి ఎవరడిగినా పళ్ళక్క చెయ్యి వెనక్కి దాచుకుంటుంది.

"తలుపు సందులో పడింది. ఫోటో తాతా? మా అంతస్తులో అలాంటివాళ్ళెవరూ లేరు. ఇదంతా వార్డులో ఎవరో పనిలేని ముసలాయన అల్లిన కథ."